కుండ ఎవరు పట్టుకోవాలి? రోమన్ తత్వవేత్తల ‘మంచి బతుకు’ మీద ఒక దళిత పఠనం

ఈ మధ్య మన పిల్లల చేతుల్లో పాత రోమన్ల పుస్తకాలు కనపడుతున్నాయి. హాస్టల్ గదుల్లో, కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల, ఫుట్‌పాత్ మీద పోసిన పుస్తకాల కుప్పల్లో సెనెకా, ఎపిక్టెటస్, మార్కస్ ఆరేలియస్ అనే పేర్లు తగులుతున్నాయి. రెండు వేల ఏళ్ళ కిందటి మనుషులు ఇవాళ వ్యక్తిత్వ వికాసం పేరుతో మళ్ళీ అమ్ముడుపోతున్నారు. వాళ్ళ బోధ క్లుప్తంగా ఇది. నీ చేతిలో ఉన్నదేదో లేనిదేదో విడదీసుకో. లేనిదాని గురించి ఏడవకు. కోపం ముందు నిన్నే కాలుస్తుంది. ఆస్తి, పదవి, పేరు ఇవన్నీ పోయేవే. చావుకి భయపడకు. ఎవడూ నీ మనసుని నీ అనుమతి లేకుండా బానిస చెయ్యలేడు.

ఈ మాటలు చెడ్డవని నేననడం లేదు. కష్టంలో ఉన్న మనిషికి ఆసరా ఇచ్చే మాటలే ఇవి. కానీ ఏ మాటకైనా ఒక చోటు ఉంటుంది. ఎవరు చెప్పారు? ఎవరికి చెప్పారు? చెప్పేటప్పుడు ఆ గుమ్మం దగ్గర ఎవరు నిలబడి ఉన్నారు? ఈ మూడు ప్రశ్నలూ వెయ్యకుండా నీతిని నీతిగా మింగడం దళిత పఠన పద్ధతి కాదు. మనుధర్మాన్ని మనం అట్లా చదవలేదు. గీతనీ అట్లా చదవలేదు. రోమన్లని మాత్రం ఎందుకు అట్లా చదవాలి?

స్టోయిక్కులని పిలిచే ఈ తత్వవేత్తల రచనల్లో ఒక వస్తువు మళ్ళీ మళ్ళీ కనపడుతుంది. యజమాని మలమూత్రాలకి వాడుకునే కుండ. సెనెకా ఉత్తరంలో ఉంది, ఎపిక్టెటస్ ప్రసంగాల్లో ఒకటికి రెండు సార్లు ఉంది. పండితులు దాన్ని చిన్న ఉదాహరణగా దాటేసి పోతారు. మనకి అది చిన్న ఉదాహరణ కాదు. మంచి బతుకు గురించి మాట్లాడే ఏ తత్వానికైనా అసలు పరీక్ష అక్కడే ఉంది. ఆ ఇంట్లో కుండ ఎవరు ఎత్తుతున్నారు? ఎత్తేవాడికి ఆ తత్వం ఏం చెబుతోంది? ఎత్తించుకునేవాడికి ఏం చెబుతోంది?

చేతిపని మీద చీదర

ముందు సిసిరోని చూద్దాం. ఆయన పూర్తి స్టోయిక్కు కాదు గానీ వాళ్ళ ఆలోచనల్ని లాటిన్‌లోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు. క్రీ.పూ. 44లో కొడుకు కోసం మనిషి విధుల గురించి ఒక పుస్తకం రాశాడు. యూరప్‌లో శతాబ్దాల పాటు దాన్ని నీతి పాఠంగా చదువుకున్నారు. న్యాయం, ధైర్యం, నిగ్రహం, మాట నిలబెట్టుకోవడం, ఇట్లాంటివన్నీ అందులో ఉన్నాయి. మొదటి భాగం చివర్లో ఏ వృత్తి గౌరవమైనది, ఏది నీచమైనది అని ఒక జాబితా కూడా ఉంది.

కూలి పని నీచం, ఎందుకంటే కూలి డబ్బే బానిసత్వానికి బయానా అంటాడు. చేతి పనివాళ్ళందరూ నీచమైన పనిలో ఉన్నవాళ్ళే, కార్ఖానాలో స్వేచ్ఛాపరుడికి తగిందేమీ ఉండదంటాడు. చేపలమ్మేవాళ్ళు, మాంసం కొట్టేవాళ్ళు, వంటవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు అందరూ ఆ వరసలోనే. వ్యాపారం చిన్నదైతే నీచం, పెద్దదైతే అంత తప్పు పట్టక్కర్లేదు. అన్నిటికంటే గొప్పది వ్యవసాయం. అంటే దున్నేవాడి వ్యవసాయం కాదు, భూమి ఉన్నవాడి వ్యవసాయం.

ఈ జాబితా చదివితే మన ఊరు గుర్తుకు రాకుండా ఎట్లా ఉంటుంది? పని నీచం కాబట్టి మనిషి నీచుడనే సూత్రం మనకి కొత్తది కాదు. మనిషి నీచుడు కాబట్టి అతని పని నీచం అనే తిరగేసిన సూత్రం కూడా మనం చూశాం. రోమ్‌లో మొదటిదే నడిచింది. ఈ తేడా దగ్గరికి తర్వాత వస్తాను. ఇక్కడ గమనించాల్సింది ఒక్కటే. ‘మంచి బతుకు’ అనే ఆలోచన పుట్టేనాటికే అందులోంచి పనిచేసే చేతుల్ని తీసేశారు. తీరిక ఉన్నవాడు బాగా బతకడం ఎట్లా అన్నదే ఆ ప్రశ్న. ఆ తీరిక ఎక్కడి నుంచి వచ్చిందన్నది ప్రశ్నే కాదు.

సెనెకా: దయ ఉంది, టోపీ లేదు

సెనెకా స్పెయిన్‌లోని కొర్డుబాలో పుట్టాడు. నీరోకి గురువు, తర్వాత సలహాదారు. చివరికి క్రీ.శ. 65లో ఆ నీరో ఆజ్ఞతోనే చచ్చిపోయాడు. పేదరికాన్ని మెచ్చుకుంటూ ఈయనంత అందంగా రాసినవాడు తక్కువ. మరి ఆస్తి? క్రీ.శ. 58లో సుయిల్లియస్ అనే శత్రువు ఈయన మీద ఒక ఆరోపణ చేశాడని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. రాజు స్నేహంలో నాలుగేళ్ళు గడిపి 30 కోట్ల సెస్టర్సులు ఎట్లా కూడబెట్టావన్నది ఆ ఆరోపణ. అప్పట్లో రోమన్ సిపాయి ఏడాది జీతం 900 సెస్టర్సులు. లెక్క వేసుకుంటే మూడు లక్షల ముప్ఫై మూడు వేల మంది సిపాయిల ఏడాది జీతం. శత్రువు మాట గనక సగమే నమ్మినా చిన్న మొత్తం కాదు.

ఆస్తి ఉన్నవాడు నీతి చెప్పకూడదా అని సెనెకా అభిమానులు అడుగుతారు. చెప్పొచ్చు. మాట వినడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ మాట ఎక్కడ ఆగుతుందో చూడాలన్నదే నా పట్టు.

బానిసల గురించి ఆయన రాసిన 47వ ఉత్తరం చాలా ప్రసిద్ధి. నిజంగా గొప్పగా ఉంటుంది. యజమాని అర్ధరాత్రి దాకా తింటూ ఉంటే బానిసలు ఆకలితో, నోరు మూసుకుని నిలబడాలి. దగ్గినా తుమ్మినా ఎక్కిళ్ళొచ్చినా దెబ్బలే. ఒకడు ఉమ్ములు తుడుస్తాడు. ఒకడు వంగి, తాగినవాళ్ళ ఎంగిళ్ళు ఏరుతాడు. మీసం రావలసిన కుర్రాణ్ణి ఆడవేషంలో ఉంచి సారా పోయిస్తారు, వాడు రాత్రంతా యజమాని తాగుడికీ కామానికీ మేలుకుని ఉండాలి. ఇవన్నీ సెనెకా చూశాడు, దాచకుండా రాశాడు. వాళ్ళూ మనుషులే, నీలాగే పుట్టారు, నీలాగే చస్తారు, వాళ్ళతో కలిసి తిను అన్నాడు. మన దేశంలో ఏ ధర్మశాస్త్రకారుడూ ఈ మాట అనలేదు. సహపంక్తి భోజనం కోసం మనం ఇరవయ్యో శతాబ్దంలో కూడా కొట్లాడాల్సొచ్చింది. ఆ ఘనత సెనెకాకి ఇవ్వాల్సిందే.

కానీ ఉత్తరం చివర్లో ఏమంటున్నాడు? రోమ్‌లో విడుదలైన బానిస ఒక టోపీ పెట్టుకునేవాడు, అది స్వేచ్ఛకి గుర్తు. నేను బానిసల్ని ఆ టోపీ పెట్టుకోమని పిలుస్తున్నాననీ, యజమానుల్ని వాళ్ళ ఎత్తు మీంచి కిందికి లాగుతున్నాననీ ఎవరైనా అనుకుంటారేమో అని ఆయనకి భయం పట్టుకుంది. వెంటనే సర్దుకున్నాడు. బానిసలు యజమానిని చూసి భయపడేకంటే గౌరవించడం మేలు, నేనన్నది అంతే అని తేల్చాడు. దయ ఉంది, టోపీ లేదు. ఉత్తరం రాసింది యజమానికి. అందులో బాగుపడాల్సింది కూడా యజమాని మనసే.

ఇది మాటల సంగతి. చేతల సంగతికి క్రీ.శ. 61 దాకా పోవాలి. రోమ్ నగరాధికారి పెడానియస్ సెకండస్‌ని అతని బానిసల్లో ఒకడు చంపాడు. పాత ఆనవాయితీ ప్రకారం ఆ కప్పు కింద ఉన్న బానిసలందర్నీ చంపాలి. ఆ ఇంట్లో 400 మంది ఉన్నారు. ఆడవాళ్ళు, పిల్లలు, ఏ పాపమూ ఎరగనివాళ్ళు. రోమ్ వీధుల్లో మామూలు జనం తిరగబడ్డారు. రాళ్ళూ నిప్పూ పట్టుకుని అడ్డం నిలబడ్డారు. సెనేట్‌లో కాసియస్ అనే న్యాయశాస్త్ర పండితుడు లేచి, భయం లేకపోతే ఇంతమంది బానిసల మధ్య మనం బతకలేమని వాదించి గెలిచాడు. నీరో దారి పొడుగునా సైనికుల్ని నిలబెట్టి 400 మందినీ చంపించాడు.

అప్పుడు సెనెకా ఎక్కడున్నాడు? నీరో పక్కనే, సలహాదారుగా. టాసిటస్ ఈ ఘటన అంతా వివరంగా రాశాడు. కాసియస్ ఉపన్యాసం ఉంది, జనం తిరుగుబాటు ఉంది. సెనెకా పేరు మాత్రం ఆ కథనంలో లేదు. బానిసల మీద ఆ గొప్ప ఉత్తరం ఆయన కొలువు వదిలి పక్కకి జరిగాక, జీవితం చివరి ఏళ్ళలో రాసింది. నాకు ఇక్కడ ముఖ్యంగా కనపడేది సెనెకా మౌనం కూడా కాదు. పుస్తకాలు చదవని రోమ్ జనం రాళ్ళు పట్టుకుని చెప్పిన నీతి ఏ నీతి గ్రంథంలోకీ ఎక్కలేదు. మంచి బతుకు మీద రోమన్ల జ్ఞానం అని మనకి అమ్మే పుస్తకాల్లో వాళ్ళకి ఒక్క పేజీ లేదు.

గుమ్మం దగ్గర ఫెలిసియో

సెనెకా 12వ ఉత్తరం ముసలితనం గురించి. నగరం బయట తన తోట ఇంటికి పోయాడు. ఇల్లు పాతబడింది, చెట్లు ఎండాయి. గుమ్మం దగ్గర కాటికి కాళ్ళు చాపుకున్న ముసలి బానిస ఒకడు కనపడ్డాడు. ఈ శవాన్ని ఎక్కడి నుంచి తెచ్చారు అన్నట్టు సెనెకా ఎగతాళి చేశాడు. అప్పుడా ముసలాయన, నన్ను గుర్తుపట్టలేదా, నేను ఫెలిసియోని, చిన్నప్పుడు నువ్వు నాకు పండక్కి మట్టి బొమ్మలు తెచ్చేవాడివి, మేస్త్రీ ఫిలొసిటస్ కొడుకుని, నీకు ముద్దుల తోడుని అన్నాడు. సెనెకా దానికి కూడా నవ్వుకున్నాడు. పళ్ళూడుతున్నాయి గదా, మళ్ళీ చంటిపిల్లాడై ఉంటాడన్నాడు.

ఆ తర్వాత ఉత్తరం ఫెలిసియోని వదిలేస్తుంది. ఇల్లూ చెట్లూ ముసలి బానిసా అన్నీ కలిసి నా ముసలితనాన్ని నాకు చూపించాయి, ఆ ఇంటికి రుణపడ్డానని సెనెకా రాసుకున్నాడు. ముసలితనాన్ని ఎట్లా ఆనందంగా అనుభవించాలో చక్కగా బోధించాడు. ఆ బోధ ఇవాళ్టికీ జనం మెచ్చుకుంటారు.

ఒక్కసారి గుమ్మం వైపు నుంచి చదవండి. ఇద్దరూ ఒకే ఇంట్లో ఆడుకున్నారు. ఒకడికి ముసలితనం పండిన పండు లాంటిది. రెండోవాడికి ముసలితనమంటే బొమ్మలు తెచ్చిన చేతులే తనని గుర్తుపట్టకపోవడం. ఫెలిసియోకి ఆ రోజు అన్నం పెట్టారా, లోపలికి రమ్మన్నారా, ఉత్తరం చెప్పదు. అతను తత్వవేత్తకి అద్దంగా పనికొచ్చాడు, అంతవరకే. బ్రాహ్మణీయ సాహిత్యంలో దళితుడు పాత్రగా వచ్చినప్పుడు ఏం జరుగుతుందో మన విమర్శకులు చాలా రాశారు. నాయకుడి హృదయం ఎంత గొప్పదో చూపించడానికి దళితుడొస్తాడు, చూపించాక పోతాడు. ఫెలిసియో కూడా అట్లా వచ్చి పోయినవాడే.

కుండ వద్దన్న పిల్లవాడు

ఇప్పుడు కుండ దగ్గరికి. 77వ ఉత్తరంలో సెనెకా ఒక స్పార్టా కుర్రవాడి కథ చెబుతాడు. యుద్ధంలో పట్టుబడ్డాడు, ఇంకా మీసాలు రాలేదు. నేను బానిసత్వం చెయ్యను అని వాళ్ళ యాసలో అరిచాడు. యజమాని మొదటగా ఆ మలమూత్రాల కుండ తెమ్మన్నాడు. పిల్లవాడు గోడకి తల బాదుకుని చచ్చిపోయాడు. స్వేచ్ఛ ఇంత దగ్గర్లో ఉంటే ఇంకా ఎవరైనా బానిసగా ఎందుకు ఉంటారని సెనెకా అడుగుతాడు.

ఇట్లాంటి కథే 70వ ఉత్తరంలో ఇంకొకటుంది. జంతువులతో పోరాడించే ఆటకి తీసుకొచ్చిన ఒక జర్మన్ బందీ, కాపలా లేకుండా పోగలిగిన ఒకే ఒక్క చోటు అని మరుగుదొడ్డికి పోయాడు. శుభ్రం చేసుకోవడానికి పెట్టిన స్పాంజి కర్రతో అక్కడే ప్రాణం తీసుకున్నాడు. సెనెకా అతన్ని వీరుడన్నాడు.

ఈ రెండు కథల మీద మనం గట్టిగా నిలబడి మాట్లాడాలి. పిల్లవాడి చేష్టలో రెండు భాగాలున్నాయి. ఒకటి, ఈ కుండ నేను ఎత్తను అనడం. రెండు, చావడం. సెనెకా రెండోదాన్ని అందుకుని మొదటిదాన్ని దాని కింద పూడ్చేశాడు. ఎత్తను అన్నవాడికి బతికే చోటు ఎందుకు లేదని అడగలేదు. కుండ తెమ్మన్నవాణ్ణి ఒక్క మాట అనలేదు. ఆ కథలో యజమానికి పేరు కూడా లేదు, తప్పు కూడా లేదు. పైగా బతికున్న బానిసలందరి మీదా నింద పడింది. గోడ అందుబాటులో ఉంది గదా, ఇంకా ఎందుకు కుండ మోస్తున్నావు అన్నట్టు. ఇంతకంటే క్రూరమైన ప్రశ్న ఉంటుందా? అణిగి ఉన్నవాడి చావుని స్వేచ్ఛ అని పొగిడేవాణ్ణి మనం నమ్మకూడదు, వాడు ఎంత గొప్ప శైలిలో రాసినా. మనకి కావాల్సింది కుండ వద్దన్న పిల్లవాడు బతికి ఉండటం.

ఎపిక్టెటస్: కొన్నవాడు, కొనబడ్డవాడు

ఎపిక్టెటస్ దగ్గర సంగతి మారుతుంది. క్రీ.శ. 50 ప్రాంతంలో, ఇప్పటి టర్కీలో ఉన్న హీరాపొలిస్‌లో పుట్టాడు. బానిస. పేరుకి అర్థమే ‘సంపాదించుకున్నది’ అని. కాలు అవిటి. యజమాని ఎపాఫ్రొడిటస్ కూడా ఒకప్పటి బానిసే, నీరో దగ్గర కార్యదర్శిగా ఎదిగాడు. ఎపిక్టెటస్ బానిసగా ఉండగానే ముసోనియస్ రూఫస్ దగ్గర తత్వం విన్నాడు. డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తల్ని తరిమేస్తే గ్రీసులోని నికోపొలిస్‌లో బడి పెట్టుకున్నాడు. ఆయన ఏమీ రాయలేదు. శిష్యుడు అర్రియన్ రాసుకున్న వాటిలో నాలుగు భాగాలు మిగిలాయి.

బానిసగా బతికినవాడు మాట్లాడితే ఎట్లా ఉంటుందో చూడండి. బానిస వేడి నీళ్ళు సరిగా తేలేదని చిందులేసే యజమానితో, వాడు నీ తోడబుట్టినవాడు, ఇద్దరికీ తండ్రి ఆ దేవుడే అంటాడు. నేను కొనుక్కున్నాను గదా అని యజమాని అంటే, నువ్వు చూస్తున్నది చచ్చినవాళ్ళ చట్టాల్ని, దేవుడి చట్టాన్ని కాదు అని కొడతాడు. సెనెకా ఇంత దూరం రాలేదు. కొనుగోలు అనే హక్కునే ఇక్కడ పట్టుకుని ఊపాడు. ఇంకో చోట, స్వేచ్ఛ ఉన్నవాళ్ళకే చదువు అని లోకం అంటుంది, చదువుకున్నవాళ్ళకే స్వేచ్ఛ అని మేమంటాం అంటాడు. బడి గుమ్మం తొక్కిన మొదటి తరం వాళ్ళకి ఈ మాట విలువ ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు.

ఒక చెప్పులు కుట్టే ఫెలిసియో కథ కూడా ఈయనే చెప్పాడు. సెనెకా ఇంటి ఫెలిసియో వేరు, ఇతను వేరు. ఎపాఫ్రొడిటస్ దగ్గర ఉండేవాడు. పనికిరాడని యజమాని అమ్మేశాడు. చక్రవర్తి ఇంటివాళ్ళు కొన్నారు, చక్రవర్తికి చెప్పులు కుట్టేవాడయ్యాడు. ఇంకేముంది, అదే ఎపాఫ్రొడిటస్ వచ్చి, ఫెలిసియో గారూ ఎట్లా ఉన్నారు అని చెయ్యి ముద్దుపెట్టుకునేవాడట. లోపల ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే, ఫెలిసియోతో ఏదో ముఖ్యమైన విషయం ఆలోచిస్తున్నాడని చెప్పాల్సొచ్చేదట. చక్రవర్తి తన కుండకి కాపలా పెట్టుకున్న మాత్రాన మనిషికి ఒక్క రోజులో తెలివి ఎట్లా వస్తుందని ఎపిక్టెటస్ వెక్కిరింపు. ఎగతాళి పెద్దమనుషుల మీదే, నిజమే. అయినా చెప్పులు కుట్టడానికి కూడా ఒక తెలివి కావాలనీ, ఆ తెలివి చక్రవర్తి ఇచ్చింది కాదనీ ఆయనకి తట్టలేదు. తోలు పని తెలిసిన మాదిగ ఇంట్లో పుట్టినవాడైతే ఈ కథ ఇంకో రకంగా చెప్పేవాడు.

ఇక అసలు చోటు. మొదటి భాగం రెండో ప్రసంగంలో, ఏది సబబు అన్నది మనిషి మనిషికీ మారుతుందని చెబుతూ ఎపిక్టెటస్ కుండ ఉదాహరణ తీసుకున్నాడు. పట్టుకోకపోతే దెబ్బలు పడతాయి, తిండి ఉండదు, పట్టుకుంటే బతికిపోతాను అని లెక్కేసేవాడికి కుండ పట్టుకోవడం సబబే. ఇంకొకడికి తాను పట్టుకోవడమే కాదు, ఇంకొకడు తన కోసం పట్టుకుంటే ఓర్చుకోవడం కూడా సాధ్యం కాదు.

ఈ చివరి సగం వాక్యం దగ్గర ఆగాలి. ఇంకొకడు తన కోసం కుండ పట్టుకుంటే ఓర్చుకోలేకపోవడం! నేను చదివిన రోమన్ నీతిలో కుండ వాడుకునేవాడి వైపు వేలు చూపించిన మాట ఇదొక్కటే. సెనెకా పొగిడింది ఎత్తనన్న బానిసని. ఎపిక్టెటస్ చూపించింది ఎత్తించుకోలేని యజమానిని. అవమానం మోసేవాడి మీద కాదు, మోయించుకునేవాడి మీద ఉందన్న ఎరుక ఒక బానిస నోట్లోంచే వచ్చింది.

కానీ ఆ ఎరుకని ఆయన అక్కడే వదిలేశాడు. మరి నేను పట్టుకోవాలా వద్దా అని అడిగినవాడికి, నీ విలువ ఎంతో, నిన్ను నువ్వు ఎంతకి అమ్ముకుంటావో నీకే తెలియాలి అంటాడు. ఒక్కొక్కరు ఒక్కో ధరకి అమ్ముకుంటారట. బానిస తనని తాను అమ్ముకుంటాడా? బానిసని ఇంకొకడు అమ్ముతాడు. పేరులోనే కొనుగోలు ఉన్న మనిషికి ఈ సంగతి తెలియదనుకోలేం. తెలిసి కూడా సంతలో నిలబెట్టిన మనిషికి ధర ఎంచుకునే యజమాని భాష అప్పగించాడు. విడుదలైన బానిస గురించి కూడా ఇంతే. స్వేచ్ఛ కావాలని ఏడ్చాడు, విడిపించారు, ఇప్పుడు తిండి లేక వెనక్కి చూసి అప్పుడే బాగుండేదని ఏడుస్తున్నాడని నవ్విస్తాడు. విడుదల పన్ను నూటికి ఐదు కట్టడం తప్ప ఆ తంతులో ఇంకేం జరిగిందని అడుగుతాడు. తిండి ఎందుకు లేదు? విడిచిపెట్టినవాడు భూమి ఇవ్వలేదు, పని ఇవ్వలేదు కాబట్టి లేదు. మనిషి మనసు బలహీనమై కాదు.

బానిస పుస్తకం, చక్రవర్తి చెయ్యి

ఎపిక్టెటస్ పోయిన కొన్నేళ్ళకి ఆయన ప్రసంగాల ప్రతి మార్కస్ ఆరేలియస్ చేతికి వచ్చింది. రస్టికస్ తన సొంత పుస్తకాల్లోంచి ఇచ్చాడని మార్కస్ కృతజ్ఞతగా రాసుకున్నాడు. క్రీ.శ. 161 నుంచి 180 దాకా ఏలిన చక్రవర్తి, ఒక మాజీ బానిస దగ్గర పాఠం నేర్చుకున్నాడు. ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర శంబూకుడి తపస్సుకి రాముడు చేసినదేమిటో తెలుసు గదా.

కానీ ఆ పాఠంతో చక్రవర్తి ఏం చేశాడు? తన కోపాన్ని తగ్గించుకున్నాడు, గర్వాన్ని తగ్గించుకున్నాడు. బెనెడిక్టా, థియొడొటస్ అనే ఇద్దరిని ముట్టుకోలేదని దేవుళ్ళకి కృతజ్ఞత చెప్పుకున్నాడు. ఆ ఇద్దరూ ఇంటి బానిసలై ఉంటారని పండితుల ఊహ. వాళ్ళకి ఏమై ఉండేదన్న ఆలోచన అందులో లేదు, తన నిగ్రహమే ఉంది. దీనికంటే ముసోనియస్ ఒక అడుగు ముందున్నాడు. బానిస స్త్రీతో పోవడం తప్పు కాదనుకునేవాడు, తన భార్య బానిసతో పోతే ఏమంటాడో చెప్పమని నిలదీశాడు. ఆడవాళ్ళకీ తత్వం నేర్పాలన్నాడు.

మార్కస్‌కి ముందేలిన ఆంటొనైనస్ పయస్ కాలంలో, కారణం లేకుండా తన బానిసని చంపినవాణ్ణి పరాయి బానిసని చంపినవాడిలాగే శిక్షించాలనే నియమం వచ్చింది. మంచిదే. దానికి న్యాయశాస్త్రవేత్త గయస్ ఇచ్చిన కారణం చూడండి. మన హక్కుని మనం చెడ్డగా వాడుకోకూడదు, దుబారా చేసేవాడి చేతిలోంచి ఆస్తి నిర్వహణ తీసేసేది కూడా ఇందుకే అంటాడు. బానిస ప్రాణం తగలేసుకోకూడని ఆస్తి. వందేళ్ళ స్టోయిక్ నీతి చట్టంలోకి దిగేసరికి మిగిలింది ఇది.

అంబేడ్కర్ చదివిన రోమ్

ఇదంతా మనకెందుకు అని అడిగేవాళ్ళకి ఒక జవాబుంది. రోమ్‌ని మనకంటే ముందు బాబాసాహెబ్ చదివారు. కులనిర్మూలనలో రోమ్ ప్లెబియన్ల రాజకీయాల్ని ఉదాహరణగా తీసుకున్నారు. ఆయన పోయాక రచనల ఐదో సంపుటంలో అచ్చయిన బానిసలూ అంటరానివాళ్ళూ అనే వ్యాసంలో రోమ్ బానిసత్వాన్ని అంటరానితనంతో పోల్చారు. రోమ్ బానిసలు వైద్యులయ్యారు, గురువులయ్యారు, లెక్కలు రాశారు. బానిస ఆస్తి గనక యజమాని వాణ్ణి బతికించుకున్నాడు, నేర్పించుకున్నాడు. అంటరానివాడు ఎవరి ఆస్తీ కాదు కాబట్టి వాడు బతికినా చచ్చినా ఎవరికీ నష్టం లేదు. బానిసకి విడుదల ఉంది, అంటరానివాడికి లేదు. బానిసత్వం మంచిదని ఆయన ఉద్దేశం కాదు. రెండింటి నిర్మాణం వేరని చూపించారు.

ఈ తేడా పట్టుకుంటేనే ఎపిక్టెటస్ ఎట్లా సాధ్యమయ్యాడో అర్థమవుతుంది. రోమ్‌లో కుండ మోసిన చెయ్యి తర్వాత పుస్తకం పట్టుకోగలిగింది, చక్రవర్తి ఆ పుస్తకం ముట్టుకోగలిగాడు. కుండ పని పాపం వల్ల వచ్చిందని, పుట్టుకతో అంటుకుందని రోమన్లు అనలేదు. మన దగ్గర కుండ మనిషికి అంటుకుంది, మనిషి పిల్లలకి అంటుకుంది. మూతికి ముంత కట్టి, నడుముకి తాటాకు కట్టి నడిపించిన సమాజం ఇది. పారిపోయిన బానిస మెడకి వేసిన ఇనుప పట్టా ఒకటి రోమ్‌లో దొరికింది, నాలుగో ఐదో శతాబ్దానిది. పట్టుకుని నా యజమాని జోనినస్‌కి అప్పగిస్తే బంగారు నాణెం ఇస్తారని దాని మీద చెక్కి ఉంది. ఆ పట్టా మనిషిని పోనివ్వకుండా పట్టి ఉంచడానికి. మన ముంత మనిషిని దగ్గరికి రానివ్వకుండా ఉంచడానికి. రెండూ లోహమో మట్టో అన్న తేడా మాత్రమే కాదు.

మా అమ్మమ్మ ఒక పట్నంలో పాకీ దొడ్లు ఎత్తింది. ఆమెకి చేతి మీద నీళ్ళు పోసేవాళ్ళు గానీ చెంబు ఇచ్చేవాళ్ళు కాదు. పండగ రోజు నీ పని దేవుడి పని లాంటిదమ్మా అని ఒక పెద్దమనిషి అనేవాడట. అయితే రేపొద్దున మీరు రండి బాబూ, నేను దణ్ణం పెట్టుకుంటా అని ఆమె అన్నదట. పాకీ పనిని పవిత్రం చేసే గాంధీ ధోరణి మీద అంబేడ్కర్ 1945లో రాసిన విమర్శ ఆమె చదవలేదు. ఆమె మాటా ఆ విమర్శా ఒకటే.

ఇక్కడే ఎపిక్టెటస్ చెప్పిన ఇంకో పోలిక మనకి ప్రమాదం. నువ్వు నాటకంలో వేషగాడివి, రచయిత బిచ్చగాడి వేషం ఇచ్చినా కుంటివాడి వేషం ఇచ్చినా బాగా వెయ్యడమే నీ పని, వేషం ఎంచేది వేరొకరు అంటాడు. అవిటి కాలు ఈడ్చుకుంటూ తిరిగిన మాజీ బానిస తనకి తాను చెప్పుకుంటే అది ధైర్యం. అదే మాట స్వధర్మం అలవాటైన నేల మీద దిగితే ఏమవుతుంది? నీ వేషం నువ్వు వెయ్యి అన్నది మనం వేల ఏళ్ళుగా విన్నాం. పాకీ పని నిషేధించే చట్టం 1993లో వచ్చింది, ఇంకోటి 2013లో వచ్చింది. మురుగు గుంతల్లో చావులు ఆగలేదు. చనిపోయినవాడి కుటుంబానికి 10 లక్షలివ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో 30 లక్షలు చేసింది. ఆ డబ్బు కుటుంబాలకి దక్కాల్సిందే. అయితే గుంతలోకి మనిషిని దింపకుండా ఉండటం కంటే చచ్చినవాడికి ధర కట్టడమే ఇంకా సులువుగా ఉంది. ఎంతకి అమ్ముకుంటావో నీకే తెలియాలన్న మాట ఇక్కడ ఎవరికి చెబుదాం?

తీసుకునేది, తిప్పి పంపేది

అయితే ఈ పుస్తకాలు మన పిల్లలు చదవకూడదా? చదవాలి. అవమానం ఎదురైనప్పుడు మనసు చెదరకుండా నిలబెట్టుకోవడం మనకి కూడా అవసరమే. వైవాకి పిలిచి ఇంటిపేరు అడిగేవాళ్ళ ముందు కూర్చోవాల్సిన పిల్లలకి ఎపిక్టెటస్ ఇచ్చే గట్టిదనం పనికొస్తుంది. నా విలువ నువ్వు నిర్ణయించలేవు అనుకోవడం ఆత్మగౌరవానికి మొదటి మెట్టు.

మెట్టు దగ్గర కూర్చోబెట్టి ఇదే మేడ అంటేనే తగాదా. బోధించు, సమీకరించు, పోరాడు అని మనకి మూడు మాటలున్నాయి. రోమన్ నీతిలో మొదటిది ఉంది, చాలా బాగా ఉంది. రెండోది లేదు, ఎందుకంటే అక్కడ ప్రతివాడూ ఒంటరిగా తన మనసుతోనే మాట్లాడుకుంటాడు. మూడోది పెడానియస్ ఇంటి ముందు రాళ్ళు పట్టుకున్న జనం దగ్గర ఉంది, తత్వవేత్తల దగ్గర లేదు. క్రీ.పూ. 73 నుంచి 71 దాకా పోరాడిన స్పార్టకస్ మనుషుల్లో 6000 మందిని కపువా నుంచి రోమ్ దాకా దారి పొడుగునా కొయ్యలకి కొట్టారు. బాగా బతకడం అంటే ఏమిటో వాళ్ళకీ ఒక ఆలోచన ఉండే ఉంటుంది. వాళ్ళ ఉత్తరాలు మనకి దొరకవు.

అందుకని ఎపిక్టెటస్ సగంలో వదిలేసిన ఆ వాక్యాన్ని మనం తీసుకోవాలి. కుండ పట్టుకోవాలా వద్దా అని పట్టుకునేవాణ్ణి అడగడం చాలాకాలం నడిచింది. ఇకనుంచి నీతి పాఠం ఇంకొకడు నా కోసం కుండ పట్టుకుంటే నేనెట్లా ఓర్చుకుంటున్నానన్న ప్రశ్నతో మొదలు కావాలి. ఆ పాఠం చదవాల్సినవాళ్ళు మన హాస్టళ్ళలో లేరు. తరగతి గదుల్లో ఈ పుస్తకాలు చెప్పే ఉపాధ్యాయులు దాన్ని ముందు ఎవరికి చెప్పాలో ఆలోచించుకోవాలి.